పరవూరిలో మన సంఘం ఏది?

(మహేంద్రమంగళంలో మన తెలుగు సంఘం జరిపిన ఉగాది సభలో చదివిన ప్రసంగము)



ఉగాది సభలో పంచాంగ శ్రవణం కాగానే చర్చిని గూర్చిన ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చును. ఈ అంశం మేము కోరి తెచ్చుకొన్నది కాదు. కార్యవర్గం వారే మమ్ము పిలిచి, "కొత్తగా వచ్చిన కుటుంబానికి ఇల్లెక్కడ దొరుకునో, బడి ఏది మంచిదో, తెలుగు పత్రిక ఎవరు తెప్పించుచున్నారో చెప్పగలుగుచున్నాము. క్రైస్తవ కుటుంబం వచ్చి మేము ఏ గుడికి పోవలెనని అడిగితే మాత్రం నోరు మెదపలేకున్నాము. ఆ సంగతి మీరు చెప్పండి" అన్నారు. ఆ మాట న్యాయంగానే ఉన్నది. కావున ఇక్కడి మా ఏడెనిమిది క్రైస్తవ కుటుంబాల తరపున మాకు తెలిసినంత మట్టుకు మనవి చేసుకొంటున్నాము. మేము వేదాంత పాఠశాలలో చదివినవారము కాము. మెట్రిక్కుతో ఆగి, రైల్వేలోనో చక్కెర మిల్లులోనో చేరి, పిల్లలను పెంచుకొనుచున్న వారము. ఇందులో పెద్ద శాస్త్ర చర్చ ఉండదు. సాయంకాలానికి లెక్క సరిపోయిందా లేదా అని చూచుకొనే గుమాస్తా చూపు మాత్రం ఉండును.

మన హిందూ సోదరులు ఈ ఊరికి వచ్చినప్పుడు మురుగన్ గుడి కనబడితే, మన సుబ్రహ్మణ్యేశ్వరుడే గదా అని దండం పెట్టుకొందురు. అర్చన అరవంలో జరిగినా సంస్కృతంలో జరిగినా వారికి లోటు లేదు. మాకు అట్లు కాదు. బస్సులో ధర్మపురి దాకా పోయి వచ్చేలోపల దారి పొడుగునా ఒకటికి నాలుగు బోర్డులు కనబడును. అన్నింటి మీద సిలువ ఉండును, అన్నింటిలో బైబిలే చదువుదురు. లోపల చెప్పేది మాత్రం ఒకటి కాదు. ఒకచోట పసిబిడ్డకు నీళ్ళు చల్లి బాప్తిస్మమిత్తురు. ఇంకొకచోట అది చెల్లదనుచు పెద్దవానిని చెరువులో ముంచుదురు. ఒకచోట బిషపుగారి మాట చెల్లును. ఇంకొకచోట సంఘస్థుల ఓటు చెల్లును. మరొకచోట ఒక్క బోధకుని మాటే చెల్లును, అడిగేవాడు ఉండడు. కొత్తవాడు ఏ గుమ్మం ఎక్కవలె?

మన జిల్లాలలో ఉన్నంతకాలం ఈ ప్రశ్న ఎందుకు పుట్టలేదో ముందు చూతము. గుంటూరు వైపు వారు ఎక్కువగా లూథరన్లు, ఏలననగా హయ్యరు దొరగారు 1842లో గుంటూరు చేరినారు. నెల్లూరు, ఒంగోలు వైపు బాప్టిస్టులు; అమెరికను బాప్టిస్టు మిషను 1840లో నెల్లూరులో నిలదొక్కుకొన్నది, 1866లో క్లౌ దొరగారు ఒంగోలు వచ్చినారు. బందరులో 1841లో నోబులు, ఫాక్సు దొరలు దిగినారు గనుక ఆ వైపు ఆంగ్లికను పద్ధతి. నరసాపురం వైపు 1836లో వచ్చిన బౌడెను, బీరు దొరల బ్రదరెన్ సంఘాలు. కాకినాడ వైపు 1874 నుండి కెనడా బాప్టిస్టులు. కడప, గుత్తి, జమ్మలమడుగు లండను మిషను. మెదకులో వెస్లియను మెథడిస్టులు. పాస్నెట్టు దొరగారు కట్టించిన అక్కడి పెద్ద చర్చి 1924లో ప్రతిష్ఠ అయినది. ఒకరు విత్తిన పొలంలో ఇంకొకరు విత్తరాదని మిషనుల వారు తమలో తాము ఒప్పందాలు చేసుకొన్నారు. అందుచేత మన తాతగారు లూథరను అయినది 1530 నాటి ఔగ్స్‌బర్గు విశ్వాస ప్రకటన చదివి కాదు, సత్తెనపల్లి తాలూకాలో పుట్టుటచేత. పూర్వం కంపెనీ రైళ్ళ కాలంలో ఊరి మీదుగా ఎమ్మెస్సెమ్ లైను పోతే ఎమ్మెస్సెమ్ బండి, నిజాం లైను పోతే నిజాం బండి ఎక్కినట్లే ఇదియు. ప్రయాణీకునికి కంపెనీతో ఏమి పని, ఊరు చేరితే చాలునుకొనేవాడు.

ఇది తప్పని మేము అనము. ఆ సంఘాలలో మన తల్లిదండ్రులు చదువు నేర్చినారు, నీతిగా బ్రతికినారు, నమ్మకంతోనే కన్నుమూసినారు. కాని పరవూరు వచ్చిన తరువాత ఆ పటం పనిచేయదు. మన వంశంలో మొట్టమొదటిసారిగా ఎంచుకొనవలసిన పని మన నెత్తిన పడినది. ఎంచుకొనవలెనంటే మనం ఏమి నమ్ముచున్నామో మనకు తెలిసి ఉండవలెను గదా! చర్చిని పరీక్షించుటకు ముందు ఇంట్లో దీపం పెట్టుకొని కూర్చుని మన నమ్మకాన్ని మనమే పరీక్షించుకొనవలెనని మేము చెప్పుట ఇందుకే.

ఇది ఊరక చెప్పుచున్న మాట కాదు. మాలో ఒక జంట ఉన్నది. అతడు గుంటూరు వైపు లూథరను, ఆమె ఒంగోలు వైపు బాప్టిస్టు. పెండ్లినాడు ఈ భేదం ఎవరికీ అడ్డు రాలేదు. రెండు వైపులా అవే కీర్తనలు, అదే భోజనం. ఇక్కడికి వచ్చిన తరువాత ఆడపిల్ల పుట్టినది. నలభై రోజులు కాగానే బిడ్డకు బాప్తిస్మమిప్పించవలెనని అతని తల్లిగారు ఊరినుండి ఫోను మీద ఫోను. బిడ్డ పెరిగి తన నోట తాను ఒప్పుకొన్న తరువాతనే బాప్తిస్మమని ఆమె తండ్రిగారు. ఇద్దరిలో ఎవరిదీ మొండితనం కాదు. దేవుని కృప మనిషి అడుగక ముందే వచ్చి చేరునని ఆ పెద్దామె నమ్మకం. మనిషి తెలిసి జవాబు చెప్పవలెనని ఈ పెద్దాయన నమ్మకం. రెండింటికీ బైబిలులో ఆధారం చూపువారున్నారు, నాలుగు వందల యేండ్లకు పైగా చూపుచునే ఉన్నారు. ఆ జంట చేసిన పని మాకు నచ్చినది. ఏ గుడికి పోదామని గాక, మనమిద్దరం ఏమి నమ్ముచున్నామని ఒక నోటుబుక్కులో వ్రాసుకొన్నారు. బాప్తిస్మము, ప్రభు భోజనము, బైబిలు, స్వస్థతలు, చందా, సంఘంలో ఆడవారి స్థానము - ఒక్కొక్కదానికి ఒక పేజీ. ఇద్దరూ కలిసినచోట గీత గీసినారు, కలియనిచోట ఖాళీ వదలినారు. బిడ్డకు ఇప్పుడు రెండేండ్లు. ఆ బాప్తిస్మపు పేజీ నేటికీ ఖాళీగానే ఉన్నది. అయినను ఏ బోధకుడు వచ్చి ఏమి చెప్పినా, తమ పుస్తకం తీసి సరిచూచుకొనగల స్థితిలో వారున్నారు.

ఇక ఈ ప్రాంతంలో ఉన్న సంగతి. రోమన్ కాథలిక్కు కుటుంబాలకు వెదకులాట తక్కువ. 1997లో సేలం నుండి వేరుచేసి ధర్మపురిని ప్రత్యేక మేత్రాసనం చేసినారు. ఏ ఇల్లు ఏ విచారణలోనిదో అక్కడి గురువుగారే చెప్పుదురు, పూజ ఎక్కడైనా అదే పూజ. ఒకప్పుడు అది లాటినులో ఉండుటచేత తెలుగువానికీ అరవవానికీ సమానంగా అర్థమయ్యేది కాదు. 1962-65 నాటి రెండవ వాటికను మహాసభ తరువాత అరవవారికి అర్థమై మనకు మిగిలిపోయినది.

ప్రొటెస్టంటులలో కడప వైపు నుండి, మెదకు వైపు నుండి, బందరు, దోర్నకల్లు వైపు నుండి వచ్చినవారికి దగ్గరి చుట్టం సి.ఎస్.ఐ. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింటు జార్జి కథీడ్రలులో ఆంగ్లికనులు, మెథడిస్టులు, అంతకు ముందే 1908లో ఏకమైన ప్రెస్బిటేరియను, కాంగ్రిగేషనలు సంఘాలవారు కలిసి ఈ సంఘంగా ఏర్పడినారు. లండను మిషను వారు సేలములో 1827లోనే పని మొదలుపెట్టినారు; ధర్మపురి 1965 దాకా సేలం జిల్లాలోనిదే. కనుక సేలం వైపు సి.ఎస్.ఐ. సంఘాలకూ మన జమ్మలమడుగు సంఘాలకూ పుట్టిల్లు ఒకటే. ప్రభు భోజన ఆరాధనకు సి.ఎస్.ఐ. వారు 1950లో తెచ్చిన క్రమం ఉన్నది. అది తెలిసినవారు అరవం రాకున్నా ఇప్పుడు ఒప్పుకోలు జరుగుచున్నదని, ఇప్పుడు రొట్టె విరుచుచున్నారని గుర్తుపట్టగలరు. లూథరన్లు, బాప్టిస్టులు 1947లో ఈ ఐక్యతలో చేరలేదు. గుంటూరు లూథరనులు ఇక్కడ వెదకవలసినది 1919లో ఏర్పడిన తమిళ లూథరను సంఘాన్ని. దాని మూలం 1706లో ట్రాంకుబారులో దిగిన జీగెన్బాల్గు దొర. మనకంటె వారే ముందు. బాప్టిస్టులకు మాత్రం ఈ దరిదాపుల చిక్కే. బెంగుళూరు, మద్రాసులలో తెలుగు ఆరాధనలున్నవి గాని ప్రతి ఆదివారం కుటుంబంతో పోయి వచ్చుటకు జీతం చాలదు, డ్యూటీ చార్టు ఒప్పదు.

భాష విషయం ఒకటి చెప్పవలెను. అరవ ప్రొటెస్టంటులు బాప్తిస్మాన్ని "జ్ఞానస్నానం" అందురు. మన వైపు ఆ మాట కాథలిక్కుల మాట. అది విని మాలో ఒక పెద్దాయన, ఇది కాథలిక్కు గుడి అని లేచి వచ్చేసినారు! ప్రార్థనను వారు "జెపం" అందురు. అదియు మనకు జపమాలనే గుర్తుచేయును. సంఘాన్ని "సబై" అందురు, అంటే మన సభయే. ఉపదేశిని "ఉపదేశియార్" అందురు. ఈ మాటలకు బెదరనక్కరలేదు. చెవికి కొత్తగా ఉన్నంత మాత్రాన బోధ కొత్తది కాదు. దీనికి తిరుగుడు సంగతి కూడ ఉన్నది. తెలుగులో చక్కగా మాటలాడి, మన ఊరి పేర్లు చెప్పి, కళ్ళలో నీళ్ళు తెప్పించినంత మాత్రాన ఆ బోధ మనది కాదు. పరదేశంలో తెలుగు మాట వినబడితే మనకు గుండె కరుగును. ఆ కరుగుదలను కనిపెట్టి వచ్చువారున్నారు.

మనకు ముందు ఈ దారి నడచిన తెలుగువారున్నారు. వారి కథ మన సభలలో ఎక్కువగా వినబడదు గనుక కొంచెం విస్తరించి చెప్పెదము. 1860 నవంబరులో మద్రాసు నుండి మొదటి కూలీల ఓడ దక్షిణాఫ్రికాలోని నటాలు రేవు చేరినది. తరువాతి యేండ్లలో మన తెలుగు జిల్లాల నుండి వేలమంది చెరకు తోటలకు, తేయాకు తోటలకు ఒప్పందపు కూలీలుగా పోయినారు. వారిలో నెల్లూరు మిషను బాప్టిస్టులు కొందరు కియర్స్నీ తేయాకు తోటలో చేరినారు. చుట్టూ ఇతర సంఘాలు లేకపోలేదు. వాటిలో కలిసిపోతే సులువుగా ఉండేది. వారు అట్లు చేయలేదు. ఎవరినో ఒకరిని పిలిచి నీవే మా గురువువు అనియు అనలేదు. తమ సొంత సంఘానికి, నెల్లూరికి, కబురు పంపినారు. అప్పుడు తెలుగు బాప్టిస్టుల స్వదేశ మిషనరీ సంఘం వారు జాన్ రంగయ్యగారిని 1903లో పంపినారు. పంపినది తెల్లదొరల మిషను కాదు, మన తెలుగువారి సంఘం! ఆ సంవత్సరమే కియర్స్నీలో తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడినది.

కథ ఇంతటితో చక్కగా ముగియలేదు. 1914 వచ్చేసరికి ఆ సంఘాలు రెండు వర్గాలై చీలినవి. రంగయ్యగారు 1915లో ఆ దేశంలోనే కన్నుమూసినారు. రెండు వర్గాల సంతతియు నేటికి ఉన్నది, ఆరాధన మాత్రం ఎక్కువగా ఇంగ్లీషులో. మాకు ఇందులో కనబడేది ఏమనగా, వారికి తాము ఎవరో తెలుసును. బోధకుడు ఎవరు పంపగా వచ్చినాడు, ఎవరికి జవాబు చెప్పును అనేది చూచుకొన్నారు. అంత చూచుకొన్నా చీలిక తప్పలేదు. ఏమీ చూచుకొననివారి గతి ఏమగునో ఊహించుకొనవచ్చును.

పంపినవారెవరు అనే ఈ ప్రశ్నను మేము అన్నిటికంటె ముందు పెట్టెదము. అట్లని పెద్ద మిషను పేరు లేనివారంతా నమ్మరానివారని కాదు. ముంగమూరి దేవదాసుగారు లూథరను సంఘం నుండి వెలువడి 1938లో బైబిలు మిషను స్థాపించినారు. పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టిన భక్తసింగుగారు 1941లో మద్రాసులో, తరువాత హైదరాబాదు హెబ్రోనులో సంఘాలు నిలిపినారు. వారు 2000లో పరమపదించినారు; సంఘాలు నడచుచునే ఉన్నవి. కనుక రాతి కట్టడం సత్యానికి గుర్తు కాదు, రేకుల షెడ్డు అసత్యానికి గుర్తు కాదు. బోర్డు మీద రిజిస్ట్రేషను నెంబరు చూచి కూడ కొందరు మురిసిపోవుదురు. 1975 నాటి తమిళనాడు సంఘాల రిజిస్ట్రేషను చట్టం కింద నమోదు కావచ్చును, ట్రస్టుగా నమోదు కావచ్చును. కాగితాలు సరిగా ఉన్నవని ప్రభుత్వం చెప్పును గాని బోధ సరిగా ఉన్నదని చెప్పదు.

డబ్బు సంగతి మా వృత్తికి దగ్గర గనుక మా చెయ్యి ఇక్కడ కొంచెం స్వేచ్ఛగా ఆడును. స్టేషనులో ఏ నాటి టిక్కెట్ల సొమ్ము ఆ నాడే లెక్కకట్టి, పుస్తకంలో వ్రాసి, సంచికి సీలు వేసి పంపవలెను. తక్కువైతే గుమాస్తా కట్టుకొనవలెను. ఎక్కువైనా ఎందుకైనదో చెప్పుకొనవలెను. చెప్పాపెట్టకుండా ఒకనాడు అకౌంట్సు ఇన్స్పెక్టరు దిగి బీరువా తీయించును. మమ్మల్ని దొంగలన్నాడని మేము అలగము, ఉద్యోగం అట్టిది. మరి దేవుని సొమ్ము రైల్వే సొమ్ముకంటె తక్కువదా? చందా డబ్బు ఎవరు లెక్కించుదురు, ఒకరా ఇద్దరా? రసీదు ఇత్తురా? సంవత్సరానికి ఒకసారైనా సంఘం ఎదుట జమాఖర్చులు చదువుదురా? ఈ మూడు అడిగి చూడండి. జవాబు ఎట్లున్నను, అడిగినప్పుడు బోధకుని ముఖం ఎట్లుండునో అది ముఖ్యం. "నీకు విశ్వాసం లేదు" అని జవాబు వస్తే టిక్కెట్టు తిరిగి తీసుకొని ఇంటికి రావచ్చును. పౌలు అపొస్తలుడే యెరూషలేము పేదలకు వసూలైన సొమ్మును ఒంటరిగా మోయలేదు. తన మీద నింద రాకుండుటకు సంఘాలు ఏర్పరచిన మనిషిని వెంట పెట్టుకొన్నాడు; కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయంలో ఈ సంగతి ఉన్నది. అపొస్తలునికి లేని మినహాయింపు మన వీధి బోధకునికి ఎక్కడనుండి వచ్చును?

ఈ రోజుల్లో గోడమీద అంటించిన చదరపు గుర్తుకు ఫోను చూపితే చాలు, సొమ్ము పోవును. పంపేముందు ఆ ఖాతా ఎవరి పేరిట ఉన్నదో ఫోనులోనే కనబడును. సంఘం పేరా, అయ్యగారి పేరా, అయ్యగారి బావమరిది పేరా, చూచి మరీ వేలు నొక్కవలెను.

బోధను అడుగుటకు సందు ఉన్నదా అనేది తరువాతి ప్రశ్న. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో బెరయ ఊరివారు పౌలు చెప్పినదాన్ని దినదినం లేఖనాలతో సరిచూచుకొన్నారని ఉన్నది. దానికి పౌలు కోపించుకొన్నట్లు లేదు, వారు ఘనులని పుస్తకం మెచ్చుకొన్నది. ప్రసంగమైన తరువాత నిలబడి "అయ్యా, ఆ వచనం తరువాతి వచనం ఇట్లున్నదే" అని ఒక ముసలామె అడుగగల చోటు మంచి చోటు.

మందుల విషయంలో మేము మెత్తగా మాటలాడము. మాకు తెలిసిన ఒక కుటుంబంలో తల్లికి చక్కెర జబ్బు. ఇంటింటి ప్రార్థనలకు వచ్చే ఒక బోధకుడు, సూదిమందు వాడుట అవిశ్వాసమనుచు మాన్పించినాడు. పదిరోజులలో ఆమెను తెలివి లేని స్థితిలో ఆస్పత్రికి మోసుకొనిపోయినారు. ప్రాణం దక్కినది, కాలి వేళ్ళు రెండు దక్కలేదు. ఆ బోధకుడు ఆస్పత్రి గుమ్మం తొక్కలేదు. మన తెలుగు దేశంలో మిషనులు వచ్చినచోటనల్లా ఆస్పత్రి కట్టినారు. జమ్మలమడుగు క్యాంబెలు ఆస్పత్రి పేరు విననివారు రాయలసీమలో లేరు. ప్రార్థనయు మందును రెండును కలిసి నడచిన మార్గం మనది. మందు మానమన్న క్షణమే ఆ ఇంట్లోనుండి చెప్పులు తొడుగుకొనవలెను.

చుట్టాలనుండి, స్నేహితులనుండి, ఇదిగో ఇట్టి సభలనుండి మనలను విడదీయువాడు మరీ ప్రమాదం. పరవూరిలో మనం ఇదివరకే సగం ఒంటరివారము; మిగిలిన సగం కోయుట సులువు. జిమ్ జోన్సు అనే అమెరికను బోధకుడు తన జనాన్ని గయానా అడవులలోనికి తీసుకొనిపోయినాడు. 1978 నవంబరులో పిల్లలతో సహా 900 మందికి పైగా ఒక్క దినంలో చచ్చిపోయినారు. అది ఎప్పటిదో అనుకొనవద్దు. కెన్యా దేశంలోని షకహోలా అడవిలో, ఉపవాసంతో చనిపోతే ప్రభువును చేరుదురని ఒక బోధకుడు చెప్పగా 400 మందికి పైగా ప్రాణాలు విడిచిన సంగతి 2023లో బయటపడినది.

ఇందుకు ఎదురుగా ఒంగోలు సంగతి తలచుకొనవలెను. 1876-78 ధాత కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ తవ్వకంలో కొంత భాగం కంట్రాక్టు పట్టి వేలమందికి కూలి చూపినారు. ఆకలిగొన్నవారు గుంపులుగా వచ్చి బాప్తిస్మమిమ్మని అడుగగా, కూటి కొరకు వచ్చిరన్న మాట రాకూడదని కరువు పని సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపినారు. సహాయం ముగిసిన తరువాత కూడ అడిగినవారికి, 1878 జూలై 3న వెలుంపల్లి వద్ద గుండ్లకమ్మలో, మన దేశీయ బోధకులే నీటిలో దిగి 2,222 మందికి బాప్తిస్మమిచ్చినారు. ఆ సంఖ్యను గొప్పగా చెప్పుకొనేవారు చాలమంది. మాకు మాత్రం అంతకు ముందు ఆగిన ఆ నెలలే గొప్పగా తోచును. చేరమని తొందరపెట్టే సంఘాన్ని చూచినప్పుడెల్లా మాకు ఆ నెలలు గుర్తుకు వచ్చును.

కులం మాట కూడ దాచనక్కరలేదు. కూర్చునే బల్ల, ప్రభు భోజనపు గిన్నె, చివరకు పాతిపెట్టే చోటు కులాన్నిబట్టి నిర్ణయమయ్యే సంఘాలు అరవనాట ఉన్నవి, మన నాటను ఉన్నవి. ఆరాధనకు ఒక్కసారి పోయి వస్తే ఇది కనబడదు. రెండు పెండ్లిండ్లకు, ఒక చావుకు పోతే కనబడును.

పెండ్లి అన్నాము గనుక ఒక ఆఫీసు సంగతి. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం బోధకులందరికీ పెండ్లి చేయు అధికారం లేదు. బిషపుల పద్ధతిలో అభిషేకం పొందిన గురువులకు, ప్రభుత్వ లైసెన్సు పొందినవారికి, ఇట్లు కొందరికి మాత్రమే ఉన్నది. మాకు తెలిసిన ఒక కుర్రవానికి లైసెన్సు లేని బోధకుడు ఒకడు ఎంతో ఘనంగా పెండ్లి చేసి, రంగు కాగితం మీద సర్టిఫికెట్టు వ్రాసి ఇచ్చినాడు. పాసులోను మెడికల్ కార్డులోను భార్య పేరు చేర్చుటకు పోతే ఆ కాగితం చెల్లలేదు, సంవత్సరం తిరిగినారు. పెండ్లికి ముందే లైసెన్సు చూపమని అడుగుట అమర్యాద కాదు. పైగా 2009 తమిళనాడు చట్టం ప్రకారం ఏ మతంవారి పెండ్లియైనా 90 రోజులలోగా రిజిస్టరు చేయించవలెను. ఇది ఈ సభలోని అందరికీ పనికివచ్చే మాట.

ఇంత చెప్పినాక, అన్నీ సరిపోయే సంఘం దొరికిందా అని అడిగితే, దొరకలేదు. దొరకునని మేము అనుకొనుట లేదు. మా నోటుబుక్కులోని పేజీలలో దేనిని వదులుకొనరాదో, దేనిని ఓర్చుకొనవచ్చునో తెలిసినది, అంతే. వదులుకొనరానివి తక్కువే: క్రీస్తును గూర్చిన బోధ, బైబిలుకు లోబడుట, లెక్క చెప్పే సొమ్ము, అడుగుటకు సందు, మనిషిని మనిషిగా చూచుట. నీళ్ళు చల్లుటా ముంచుటా అనేది కొందరికి వదులుకొనరానిది, కొందరికి ఓర్చుకొనదగినది. అది ఎవరి ఇంట్లో వారు తేల్చుకొనవలెను.

ఓర్పు విషయంలో అరవ సోదరులు మాకు చేసిన మేలు ఒకటి చెప్పకుండ ఉండలేము. మాలో ఒకరి తల్లిగారు, గుంటూరు లూథరను, మనుమలను చూడవచ్చి ఇక్కడే కాలం చేసినారు. వేసవికాలం, రాత్రివేళ. శవాన్ని ఊరికి తీసుకొనిపోవుటకు స్తోమత లేదు. మేము అప్పటికి నాలుగైదు నెలలుగా పోవుచున్న చర్చి, సభ్యత్వం తీసుకొనలేదు, చందా పుస్తకంలో పేరు లేదు. సమాధుల దొడ్డి సభ్యులకే అని వారి నియమం. తెల్లవారుజామున అయ్యగారు వచ్చి, కమిటీ పెద్దలను నిద్రలేపి మాటలాడి, చోటు ఇప్పించినారు. ఆరాధనక్రమం అరవంలో చదివి, చివర మమ్ము చూచి, "మీ కీర్తన ఒకటి మీరు పాడుకొనండి" అన్నారు. పాడినాము. గుంటకు ఇటుప్రక్క మేము పదిమందిమి, అటుప్రక్క ఆమె పేరైనా తెలియని అరవవారు నలభైమంది, చేతులు కట్టుకొని నిలబడినారు. ఆ తరువాత మాలో మూడు కుటుంబాలవారు ఆ సంఘంలోనే సభ్యులైనారు. మిగిలినవారు తమ పేజీలు ఇంకను తిప్పుచున్నారు. వారి మీద ఎవరును ఒత్తిడి చేయుట లేదు.

కొత్తగా వచ్చినవారికి మా సూచన ఇంతే. పాత ఊరి సంఘం నుండి ఉత్తరం తెచ్చుకొనండి. అది ఉన్నవాని మాటకు ఎక్కడైనా విలువ ఉన్నది. కనీసం మూడు నెలలు వినకుండా ఎక్కడా పేరు వ్రాయించవద్దు. ఒక పండుగనాడు, ఒక మామూలు ఆదివారం, ఒక కమిటీ తగాదా జరుగుచున్న ఆదివారం, ఈ మూడును చూడండి. పిల్లలను అడగండి, వారికి పెద్దలకంటె ముందే కొన్ని తెలియును.

బుధవారం సాయంకాలం మా ఇళ్ళలో వంతుల ప్రకారం తెలుగు ప్రార్థన జరుగుచున్నది. ఇది చర్చి కాదు, చర్చికి బదులును కాదు. ప్రసంగం ఉండదు, చందా పట్టరు. బైబిలు ఒక అధ్యాయం చదివి, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో నాలుగైదు పాడుదుము. ఆ పుస్తకంలో పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలకు లూథరను, బాప్టిస్టు అనే గీత లేదు. బాప్తిస్మపు పేజీ ఖాళీ వదలిన ఆ జంట కూడ ఒకే పుస్తకం పట్టుకొని పాడుదురు. పాట కొరకు మన హిందూ సోదరులు ఒకరిద్దరు వచ్చి హార్మోనియం అందుకొందురు, అది మాకు సంతోషం. పిల్లలకు ఆ పుస్తకంతోనే తెలుగు అక్షరాలు కూడ నేర్పుచున్నాము. బడిలో వారికి అరవమే గదా. మా వద్ద ఉన్న ప్రతులు మూడే. ఊరికి పోయి వచ్చువారు రెండు మూడు తెచ్చి పెట్టగలిగితే, డబ్బు ఇచ్చి రసీదు తీసుకొందుము.